పిట్టపిల్లల హాజరు

కళింగతీరం జిల్లాలో ప్లాస్టిక్ లేదు. ఇది ఎవరో సరదాకి అన్న మాట కాదు. ఫిబ్రవరి రెండో శనివారం నాడు, జిల్లా కేంద్రంలో, నిండు సభలో, మైకులో ప్రకటించిన మాట. 'సంపూర్ణ ప్లాస్టిక్ రహిత తీర జిల్లా' అని ఇత్తడి పలక మీద చెక్కించి తీర స్వచ్ఛతా ప్రాధికార సంస్థ ఆఫీసు గుమ్మానికి బిగించారు కూడా. ఆ శుభవార్త ఊరూరా తెలియాలని నాలుగు వందల ఫ్లెక్సీలు కొట్టించి కరెంటు స్తంభానికొకటి చొప్పున కట్టారు. ఫ్లెక్సీని దేనితో చేస్తారని అడిగే తెలివితక్కువవాళ్లు ఆ సభలో ఎవరూ లేకపోవడం వల్ల కార్యక్రమం జయప్రదంగా ముగిసింది. ఆ రోజు నుంచి జిల్లాలో ఎక్కడైనా ప్లాస్టిక్ కనిపిస్తే ఆ తప్పు చూసినవాడిదే.

సముద్రానికి ఈ ప్రకటన కాపీ పంపడం మరిచిపోయారు. మార్చి నెలాఖరులో ఎక్కడో నడిసముద్రంలో ఒక ఓడ మీంచి నాలుగు కంటైనర్లు జారిపడ్డాయి. వాటి నిండా ప్లాస్టిక్ పూసలు. బకెట్లూ కుర్చీలూ పోత పోయకముందు ప్లాస్టిక్ అలా పూసల రూపంలోనే ఉంటుంది. తెల్లగా, గుండ్రంగా, అచ్చం సగ్గుబియ్యంలా ఉంటాయి. అవి పది పన్నెండు రోజులు తేలుతూ వచ్చి నాగులరేవు ఒడ్డుకు చేరాయి. మూడు కిలోమీటర్ల పొడవునా ఎవరో ఒడియాలు పెట్టడానికి సగ్గుబియ్యం ఆరబోసినట్టు పరుచుకున్నాయి.

నాగులరేవు పశువైద్యశాలలో డాక్టరు గేదెల శశిరేఖ. ఆ ఇంటిపేరు విని నవ్వని రైతు మండలంలో లేడు. గేదెలవారి ఆడపడుచు గేదెల డాక్టరు కాక మరేమవుతుందని ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేది. పదమూడేళ్ల సర్వీసులో ఆవిడ చేసిన తప్పు ఒక్కటే. రెండేళ్ల క్రితం 'సముద్ర పక్షుల ఆరోగ్య పర్యవేక్షణ, అదనపు బాధ్యత' అని ఒక మెమో వస్తే, అందరూ చేసినట్టు దాన్ని ఫైల్లో పెట్టి ఊరుకోకుండా, వెళ్లి పక్షుల్ని చూసొచ్చింది.

చూశాక ఇక ఊరుకోలేకపోయింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక ఇసుక దిబ్బ ఉంది. ఆటు సమయంలో మోకాటి లోతు నీళ్లలో నడిచి వెళ్లొచ్చు. ఏటా ఎండాకాలం ముందు అక్కడికి వందల కొద్దీ పిట్టలు వచ్చి ఇసుకలోనే గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. తల మీద నల్ల టోపీ, రెండుగా చీలిన తోక. పక్కనున్న జాలర్ల పాలెంలో వాటిని కత్తెరతోక పిట్టలంటారు. పూసలు కొట్టుకొచ్చిన ఏడాది గుడ్లు పగిలి నూట పది పిల్లలు బయటికొచ్చాయి. వాటిని లెక్కపెట్టింది శశిరేఖా, ఎండుచేపలమ్మే వాసుపల్లి ఎర్రయ్యమ్మా కలిసి. ఇద్దరి లెక్కకీ మూడు తేడా వస్తే, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

ఏప్రిల్ పద్నాలుగున ఎర్రయ్యమ్మ చేపల గంపలో చచ్చిన పిట్టపిల్లను వేసుకుని ఆస్పత్రికి వచ్చింది.

"డాక్టరమ్మా, ఇది సూడండి. కడుపు రాయిలాగుంది. తిండి నేక సచ్చినాదో, తిండి ఎక్కువై సచ్చినాదో నాకు తెల్దు" అంది.

శశిరేఖ కత్తెర తీసి కోసింది. లోపల ఇరవై మూడు పూసలు, నైలాను వల పోగు ఒకటి, ఎండకు పెళుసెక్కి విరిగిన నీలం మూత ముక్కలు రెండు. చేప అన్నది ఒక్క ముల్లు కూడా లేదు. పూసలు నాచు పట్టి చేపగుడ్ల వాసన వేస్తున్నాయి. పిట్టకేం తెలుస్తుంది! చిన్నచేపలు పూసల్ని మింగాయి, తల్లిపిట్టలు ఆ చేపల్ని తెచ్చి పిల్లల నోట్లో పెట్టాయి, పిల్లలు దిబ్బ మీద దొరికిన పూసలు మరికొన్ని ఏరుకు తిన్నాయి. అరచేతిలో పట్టే ఆ పిల్ల కడుపు నిండుగా ఉండి ఆకలితో చచ్చిపోయింది. శశిరేఖకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎన్నో పశువుల పొట్టల్లోంచి ఎన్నో చెత్తలు తీసిన మనిషి, ఆ పూట అన్నం తినలేకపోయింది.

"పిల్లలు ఎగరడానికి ఇంకా ఎన్నాళ్లు పడతాది?" అని ఎర్రయ్యమ్మ అడిగింది.

"దగ్గర దగ్గర నెల."

"అయితే ఈలోగా ఒడ్డు తుడిసేత్తే మిగిలినవి బతుకుతాయి. అంతే గదేటి?"

అంతే. ఆ ఒక్క ముక్కా రాసి, మరణకారణం గడిలో 'ప్లాస్టిక్' అని పెట్టి, ఒడ్డు తుడిపించాలని కోరుతూ శశిరేఖ అదే రోజు ప్రాధికార సంస్థకు నివేదిక పంపింది. మూడో రోజుకి పిలుపు వచ్చింది. ఈలోగా మరో నాలుగు పిల్లలు చచ్చాయి.

సంస్థ డైరెక్టరు విశ్వంభరరావు గారు చాలా మర్యాదస్తుడు. ఎవర్నీ కసురుకోరు, ఎవరి పనీ చెయ్యరు. ఆయన మాట్లాడేది కూడా టైపు కొట్టి సంతకం పెట్టినట్టే ఉంటుంది. ఆయన పక్కన సూపరింటెండెంటు కామేశం, ఆయన నోట్లోంచి ఏది రాలితే అది రాసుకోవడానికి పుస్తకం విప్పి సిద్ధంగా ఉంటాడు.

"రండి డాక్టరు గారూ. తమరి నివేదికను కూలంకషముగా పరిశీలించడమైనది. అందు ఒక సాంకేతిక దోషమున్నది."

"ఏం దోషమండి?"

"మరణకారణం గడిలో తమరు జిల్లాలో లేని పదార్థమును పేర్కొన్నారు. రేపు తమరు ఒక మేక సింహము కరిచి చనిపోయినదని రాసిన ఎడల సంస్థ ఆమోదించవలెనా?"

"సింహం లేదు కదండి. ఇవి ఉన్నాయి" అని శశిరేఖ సంచిలోంచి పూసల సీసా తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన ఆ సీసా వైపు చూడలేదు. ముప్పై ఏళ్ల అనుభవం మరి. చూస్తే చూసినట్టు అవుతుంది. సీసాకు అర అడుగు ఎడంగా బల్ల మీద ఒక చోట చూపు నిలిపి, "తమరు తెచ్చిన వస్తువు ఏదైననూ కావచ్చును. ప్లాస్టిక్ మాత్రము కానేరదు. ఎందువలననగా ప్లాస్టిక్ లేదు" అన్నారు.

"పోనీ మీరే చెప్పండి, ఏమని రాయమంటారు?"

డైరెక్టరు గారు కళ్లు మూసుకున్నారు. కామేశం కలం ఎత్తి పట్టుకున్నాడు. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, "సముద్రజనిత అపరిచిత కణికలు" అన్నారు. కామేశం ఆ మూడు ముక్కలూ రాసుకుని, "అద్భుతం సార్" అన్నాడు, ఆ ఊపులో 'అద్భుతం' కూడా కలిపి రాసేశాడు.

శశిరేఖకు మింగుడు పడలేదు. కాని దిబ్బ మీద నోళ్లు తెరుచుకుని కూచున్న పిల్లలు గుర్తొచ్చాయి. వీళ్లు దాన్ని ఏమని పిలుచుకుంటే నాకేం, ఒడ్డు తుడిస్తే చాలు అనుకుని, 'ప్లాస్టిక్' కొట్టేసి 'అపరిచిత కణికలు' అని రాసి సంతకం పెట్టింది. ఆవిడ అనుభవమంతా పశువులతో కావడం వల్ల, ఒక వస్తువుకి కొత్త పేరు పెడితే దానికి కొత్త యజమాని పుట్టుకొస్తాడని ఊహించలేకపోయింది.

ఫైలు కదిలింది. సముద్రం ఒడ్డున పడి ఉన్నవీ, గట్టిగా ఉన్నవీ, ఎవరివో తెలియనివీ అయిన కణికలు ఏ శాఖ పరిధిలోకి వస్తాయన్న ప్రశ్న మీద నాలుగు ఆఫీసులు తర్జనభర్జన పడి, అవి ఖనిజాలని తేల్చాయి. ఆ జిల్లాలో ఇసుకలో ఏ రేణువు మెరిసినా ఖనిజమే, దాన్ని గుప్పెడు తీసుకెళ్లినా నేరమే. కనుక కణికల మీద సర్వహక్కులూ జిల్లా ఖనిజ కార్యాలయానివని రాతపూర్వకంగా తెలియజేశారు.

ఈ సంగతి తెలియని ఎర్రయ్యమ్మ, ఆ ఉదయమే పాలెంలో ఆడవాళ్లను పన్నెండు మందిని పోగేసి, చీపుర్లూ చేటలూ గంపలూ పట్టుకుని ఒడ్డుకు దిగింది. కాగితాల కోసం కూచుంటే పిల్లలు కూచుంటాయా అని ఆవిడ వాదన. ఎండెక్కేలోగా అరకిలోమీటరు తుడిచి, ఇసుక చెరిగి, పూసలు ఇరవై గంపలకెత్తారు. సరిగ్గా అప్పుడు జీపు వచ్చి ఆగింది. దిగినాయన ఖనిజ కార్యాలయం తనిఖీ అధికారి దామోదరం.

"ఎవరమ్మా మీరు? అనుమతి పత్రం లేకుండా ఖనిజం తవ్వుతున్నారే?"

"తవ్వడమేటి బాబూ? తుడుత్తన్నాం."

"యంత్రసామగ్రితోనా?"

"ఓలమ్మో, సీపురుకట్టని యంత్రమంటాడేటి ఈ బాబు!"

దామోదరం పంచనామా మొదలుపెట్టాడు. తవ్వకపు పరికరాలు పదమూడు, జల్లెడ యూనిట్లు పదమూడు అని చీపుర్లనీ చేటల్నీ జీపులో వేయించాడు. అంతవరకూ అయితే పోనీ అనుకోవచ్చు. కాని అక్రమంగా సేకరించిన ఖనిజాన్ని స్వస్థానంలో పునఃస్థాపించాలని నియమం ఉంది. ఇరవై గంపల పూసల్నీ ఆ ఆడవాళ్ల చేతనే మళ్లీ ఒడ్డు పొడవునా చల్లించాడు. ఒకచోట పలచగా పడ్డాయని తిరిగి చల్లమన్నాడు కూడా. ఎర్రయ్యమ్మ చల్లుతున్నంతసేపూ అతని ఏడు తరాల్నీ పేరు పేరునా తలుచుకుంది. ఆ పేర్లన్నీ పంచనామాలో నమోదు కాలేదు.

శశిరేఖ స్కూటరేసుకుని ఖనిజ కార్యాలయానికి పరిగెత్తింది. దామోదరం కుర్చీ చూపించి మజ్జిగ తెప్పించాడు. మనిషి చెడ్డవాడేం కాదు.

"సార్, ఆ కణికలు తిని పిట్టపిల్లలు చచ్చిపోతున్నాయి. ఇప్పటికి పంతొమ్మిది పోయాయి."

అతను నిటారుగా కూచున్నాడు. "తింటున్నాయా? ఎక్కడ తింటున్నాయి?"

"ఒడ్డునా, నీటి మీదా. తల్లులు తీసుకెళ్లి దిబ్బ మీద పిల్లలకి పెడుతున్నాయి."

"అంటే ఒక సర్వే నంబరులోంచి ఎత్తి ఇంకో సర్వే నంబరుకి తరలిస్తున్నాయన్నమాట. తరలింపు పత్రం లేకుండా. పైగా పొట్టల్లో అక్రమ నిల్వ! డాక్టరు గారూ, మీరు చెప్పడం మంచిదైంది. మేం ఇన్నాళ్లూ మనుషుల్నే అనుమానిస్తున్నాం."

నాలుగు రోజుల్లో దిబ్బ మధ్యలో రెండు వెదురు గడలు పాతి వాటికి నోటీసు కట్టారు. 'ఇందుమూలముగా సదరు పక్షులకు తెలియజేయునది ఏమనగా, తమరు అనుమతి లేకుండా తరలించి నిల్వ చేసిన ఖనిజమును ఏడు దినములలోగా స్వాధీనపరచనియెడల తమ నివాసములు ఖాళీ చేయించబడును.' నోటీసు ఆరడుగుల ఫ్లెక్సీ. ఎండకు, ఉప్పుగాలికి రెండో రోజుకే అంచుల నుంచి పోగులు ఊడడం మొదలైంది. పిట్టలు ఆ పోగుల్ని కూడా పట్టుకెళ్లాయి.

"పక్షులు చదవలేవండి" అని శశిరేఖ ఫోన్లో చెప్పి చూసింది.

"తెలుసండి. చదువురాని వారికి చదివి వినిపించే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది" అన్నాడు దామోదరం.

తలయారి సన్యాసప్పడు డప్పు మెడలో వేసుకుని ఆటు చూసుకుని దిబ్బ ఎక్కాడు. డప్పు మూడుసార్లు కొట్టి, నోటీసు కాగితం విప్పి మొదటి వాక్యం ఎత్తుకున్నాడు. గూళ్ల దగ్గరికి మనిషి వస్తే కత్తెరతోక పిట్టలు ఊరుకోవు. నలభై యాభై ఒక్కసారి లేచి నెత్తి మీదకు దూకాయి. 'ఏడు దినములలోగా' దగ్గరికి వచ్చేసరికి తలపాగా పోయింది. 'స్వాధీనపరచనియెడల' అనేసరికి ఒక పెద్ద పిట్ట నోటీసు కాగితం మీదే తన జవాబు దాఖలు చేసింది. ఇంకొకటి అతని భుజం మీద దాని నకలు అందజేసింది. సన్యాసప్పడు డప్పు అక్కడే పారేసి నీళ్లలోకి దూకాడు. నోటీసు చేరినట్టు రుజువుగా దామోదరం ఆ కాగితాన్నే ఫైల్లో ఉంచాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. శశిరేఖకు మాత్రం నవ్వు రావడం మానేసింది. రోజూ పొద్దున్నే ఎర్రయ్యమ్మతో దిబ్బకు వెళ్లడం, కదలనివాటిని ఏరుకోవడం, కోసి చూడడం, తేదీ రాసిన చీటీ కాలికి కట్టి, పొట్టలోవి ఒక పొట్లంలో వేసి, ఎర్రయ్యమ్మ చేపల ఐసుపెట్టెలో పెట్టడం. ఏప్రిల్ నెలాఖరుకు ముప్పై ఎనిమిది అయ్యాయి. మిగిలిన డెబ్బై రెండు పిల్లలకి రెక్కల మీద ఈకలు రావడం మొదలైంది. ఇంకో పది పన్నెండు రోజులు నిలబడితే ఎగిరిపోతాయి.

ఆ సాయంత్రం ఆవిడ ఒళ్లు మండిపోయి, పేరా నంబర్లూ విన్నపాలూ ఏమీ లేకుండా ఒకే ఒక్క ఉత్తరం రాసింది. 'ఒడ్డున పడింది ప్లాస్టిక్. అది తిని ముప్పై ఎనిమిది పిల్లలు చచ్చిపోయాయి. మిగతావి చావకముందే తుడిపించండి.' సంతకం పెట్టి ప్రాధికార సంస్థకు పంపింది.

ఇంత వేగంగా ఆ ఆఫీసు ఎప్పుడూ జవాబివ్వలేదు. మర్నాడే వచ్చింది.

'తమరి లేఖ అందినది. జిల్లాయందు ప్లాస్టిక్ లేదు. లేని పదార్థమును తినుట అసంభవము. తినని పక్షి దానివలన మరణించుట అంతకన్నను అసంభవము. కావున సదరు ముప్పది ఎనిమిది పిల్లలు మరణించినట్లు పరిగణించుటకు వీలుపడదు. మరణించని సదరు పిల్లలను మే నెల రెండవ తేదీ ఉదయం పదకొండు గంటలకు జరుగు సమీక్షా సమావేశమందు తమరు స్వయముగా హాజరుపరచవలెను. లేనియెడల వాటి అదృశ్యమునకు తమరినే బాధ్యులను చేయడమగును.'

ఎర్రయ్యమ్మకు చదివి వినిపించింది. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"ఇప్పుడేటి సేత్తారు డాక్టరమ్మా?"

"హాజరుపరచమన్నారుగా. హాజరుపరుస్తాను."

"నానూ వత్తాను. పెట్టె నాది" అంది ఎర్రయ్యమ్మ.

సమావేశ మందిరంలో పొడుగాటి బల్ల చుట్టూ పద్దెనిమిది మంది అధికారులున్నారు. మంచినీళ్ల సీసాలు బల్ల మీద లేవు. ఎవరి సీసా వారి కుర్చీ కింద, కాళ్ల మధ్య ఉంది. డైరెక్టరు గారు జిల్లా సాధించిన ప్రగతి గురించి చెబుతూ ఉండగా తలుపు తెరుచుకుని, ముందు ఐసుపెట్టె, వెనక దాన్ని చెరో వైపూ పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లూ వచ్చారు. చేపల నీచు వాసన వాళ్లకన్నా ముందే వచ్చింది.

"పదకొండు గంటలకు రమ్మన్నారు" అని శశిరేఖ బల్ల మీద పాత దినపత్రికలు పరిచింది. ఎవరూ ఏమీ అనకముందే పెట్టె మూత తీసింది. ఒక్కొక్క పిల్లనీ తీసి వరసగా పడుకోబెట్టింది. ఒక్కొక్కదాని ముందూ దాని పొట్లం విప్పి పెట్టింది. ఎర్రయ్యమ్మ అందిస్తోంది. బల్ల ఈ చివర మొదలుపెడితే డైరెక్టరు గారి కుర్చీ దాకా వచ్చాయి.

"సూపరింటెండెంటు గారూ, హాజరు వేసుకోండి" అంది శశిరేఖ.

కామేశం అలవాటు కొద్దీ పుస్తకం విప్పాడు. "పేరు?" అన్నాడు.

"పేర్లు పెట్టలేదండి. అన్నాళ్లు బతకలేదు. తేదీలు చెబుతాను, రాసుకోండి. ఒకటి, ఏప్రిల్ పద్నాలుగు, పూసలు ఇరవై మూడు. రెండు, ఏప్రిల్ పదిహేను, పూసలు పంతొమ్మిది, తాడు ముక్క ఒకటి. మూడు, అదే రోజు, పూసలు ముప్పై ఒకటి."

మొదట ఎవరో దగ్గారు. ఎవరో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. పదో నంబరు దగ్గర ఒకాయన నవ్వబోయి, పక్కాయన నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. 'ముప్పై రెండు, ఏప్రిల్ ఇరవై ఎనిమిది, పూసలు పద్నాలుగు, ఫ్లెక్సీ పోగులు' అన్నప్పుడు దామోదరం తల వంచుకున్నాడు. శశిరేఖ మధ్యలో రెండుసార్లు లెక్క తప్పి వెనక్కి వెళ్లింది. ఆ రెండుసార్లూ ఎర్రయ్యమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ముప్పై ఎనిమిదీ చదవడం అయ్యాక కామేశం, "ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది హాజరు సార్" అని మెల్లగా చెప్పాడు.

డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "సంతోషము. అయితే సదరు పిల్లలు... కదలకుండుటకు కారణమేమి?"

"అదే నేనూ రాశానండి. మీరు ఒప్పుకోలేదు. ఇందులో కారణం గడి ఖాళీగా ఉంచాను, తమరే పూరించండి" అని ఆవిడ కొత్త నివేదిక కాగితమూ కలమూ ఆయన ముందు పెట్టింది.

అర అడుగు ఎడంగా చూసే వీలు ఇప్పుడు లేదు. ఎటు చూసినా పిల్లలే ఉన్నాయి. విశ్వంభరరావు గారు చివరికి తన ఎదురుగా ఉన్న పిల్లను చూశారు. ముక్కు తెరుచుకుని ఉంది. తల మీద నల్ల టోపీ ఇంకా పూర్తిగా రాలేదు. ఆయన వేలితో ఒక పూసను తీసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, గోటితో గీరి, వెలుతురుకి పెట్టి చూశారు. తర్వాత, ఉద్యోగంలో చేరక ముందు మాట్లాడే గొంతుతో అన్నారు:

"ఇది ప్లాస్టిక్కే కదమ్మా."

కామేశం కలం ఎత్తి అడిగాడు. "మినిట్స్‌లో రాయమంటారా సార్?"

డైరెక్టరు గారు ఉలిక్కిపడ్డారు. గుమ్మం మీద ఇత్తడి పలక, ఫిబ్రవరి సభ, కప్పిన శాలువాలు, వెళ్లిన నివేదికలు, వాటి మీద పైవాళ్ల నుంచి వచ్చిన అభినందనలు అన్నీ ఆయన ముఖంలో కనిపించాయి. "రాయకు" అన్నారు.

అప్పుడు ఎర్రయ్యమ్మ ముందుకు వచ్చింది.

"రాయకపోతే పోనీండి బాబూ. మీ రాత ఎవులికి కావాల? ఇంకా డెబ్బై రెండు పిట్టపిల్లలు బతికున్నాయి. నా సీపుర్లు నాకిచ్చీండి. తుడుసుకుంటాం."

"తుడవడానికి ఉత్తర్వు కావాలి. ఉత్తర్వులో దేన్ని తుడవాలో ఉండాలి" అన్నాడు కామేశం. అతని బాధ అతనిది.

డైరెక్టరు గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టింది. తెరిచాక చెప్పడం మొదలుపెట్టారు. కామేశం రాసుకున్నాడు. 'నాగులరేవు తీరమందు ఏమియు లేదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. సదరు ఏమియు లేనిదానిని మూడు దినములలోగా సంపూర్ణముగా ఊడ్చి, బస్తాలకెత్తి, తీరమునుండి తొలగించవలెను.'

ఏమీ లేనిది ఖనిజం ఎలా అవుతుందని దామోదరం తన హక్కు వదులుకున్నాడు. ఆ సాయంత్రమే చీపుర్లూ చేటలూ స్వయంగా జీపులో తెచ్చి పాలెంలో దించాడు. దిబ్బ మీది ఫ్లెక్సీ కూడా తనే విప్పుకుపోయాడు. మర్నాటి నుంచి మూడు రోజులు పాలెం మొత్తం ఒడ్డున పడింది. ఆడవాళ్లు తుడిచారు, మగవాళ్లు చేపల వేట మానుకుని వలల్తో నీటి మీద తేలేవాటిని పట్టారు. తొంభై నాలుగు బస్తాలు నిండాయి. ప్రతి బస్తాకీ ఆఫీసు పద్ధతి ప్రకారం చీటీ కట్టారు: 'వస్తువు: ఏమియు లేదు.'

ముందే పొట్టలు నిండిపోయినవి మరో అయిదు పిల్లలు పోయాయి. మిగిలినవి అరవై ఏడు. మే పద్నాలుగున పొద్దుటి గాలికి మొదటిది లేచింది. రెండు గజాలు ఎగిరి ఇసుకలో బోర్లా పడింది. మళ్లీ లేచింది. పదిహేడు నాటికి దిబ్బ మీద ఒక్కటీ మిగల్లేదు. శశిరేఖ ఒడ్డున నిలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఏటమ్మా, గేదె ఈనితే నవ్వుతారు, పిట్ట ఎగిరితే ఏడుత్తారా!" అంటూ ఎర్రయ్యమ్మ కూడా ఏడ్చింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ బస్తాలు ఎక్కించుకున్న లారీ డ్రైవరు చెత్త డిపోకు వెళ్లి తిరిగొచ్చాడు. చీటీలో ఏమీ లేదని ఉంటే మేం ఏమని దించుకుంటామని అక్కడివాళ్లు గేటు వేసేశారట. "అమ్మా, పక్క జిల్లా మొగ దగ్గర ఎవులూ సూడని సోటుంది. కుమ్మరించేయమంటారేటి?" అని అడిగాడు.

పక్క జిల్లా మొగ దగ్గర కూడా దిబ్బ ఉంది. శశిరేఖ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తొంభై నాలుగు బస్తాలూ తన ఆస్పత్రి పశువుల షెడ్డులో దింపించింది. అప్పటినుంచి చూలి గేదెలు బయట చింతచెట్టు కింద నిలబడుతున్నాయి.

షెడ్డుకు పైకప్పు సగమే ఉంది. బస్తాలు పెట్టడానికి గట్టి గోడౌను ఒకటి కట్టించమని ఆవిడ సంస్థకు రాసింది. 'లేని వస్తువునకు గోడౌను మంజూరు చేయజాలము' అని జవాబు వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారులు అవేమిటని అడుగుతారు. ఏమీ లేదండి అంటుంది. వాళ్లు చీటీ చూసి, సరిపోయిందని రిజిస్టరులో రాసి వెళ్లిపోతారు.

ఆ బస్తాలు కూడా ప్లాస్టిక్‌వే. ఎండ తగిలిన చోటల్లా పెళుసెక్కి పొడి పొడిగా రాలుతున్నాయి, రాలినచోట పూసలు జారుతున్నాయి. షెడ్డు వెనక కాలవ ఉంది, ఆ కాలవ ఏట్లో కలుస్తుంది, ఏరు మొగకు వెళుతుంది. ప్రతి ఆదివారం ఎర్రయ్యమ్మ దబ్బనమూ పురికొసా పట్టుకుని వస్తుంది. ఇద్దరూ కూచుని ఊడిన బస్తాలు కుడతారు. పిట్టలు ఫిబ్రవరిలో మళ్లీ వస్తాయి.